నిద్ర డాక్టరుకి మీ ప్రశ్నలు: గంజాయి మానాక వచ్చే కలలు, కలలో మెలకువ, ఒంట్లోంచి బయటికి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కలల గురించే. గంజాయి మాట దాచుకోకుండా రాసినవాళ్లూ ఉన్నారు. వాళ్లకి ముందుగా నా అభినందనలు. డాక్టరు దగ్గర దాచిపెట్టిన సంగతికి వైద్యం చేయడం ఎవరివల్లా కాదు. పేర్లు తీసేసి, పొడుగు ఉత్తరాల్ని కుదించి ఇస్తున్నాను.

డాక్టర్ గారూ, కాలేజీ రోజుల నుంచి రోజూ రాత్రి గంజాయి తాగి పడుకునేవాణ్ణి. పెళ్లి కుదిరాక మానేశాను. మానిన మూడో రోజు నుంచి నరకం చూస్తున్నాను. ఇన్నేళ్లూ నాకసలు కలలే రావనుకున్నా. ఇప్పుడు రాత్రికి నాలుగైదు. చనిపోయిన తాతయ్య వచ్చి తిడతాడు. మొన్న కలలో మళ్లీ తాగేశాను. లేచాక నిజంగానే తాగాననుకుని ఏడ్చాను. నాకు పిచ్చి పడుతోందా? ఒక్క దమ్ము కొడితే కలలు ఆగిపోతాయని తెలుసు. నా భయమంతా అదే.

పిచ్చి కాదు. మీ మెదడు ఇన్నేళ్లుగా రావాల్సిన బాకీని వసూలు చేసుకుంటోంది.

నిద్ర రాత్రంతా ఒకే తీరుగా ఉండదు. సుమారు 90 నిమిషాలకు ఒక చుట్టు చొప్పున నాలుగైదు చుట్లు తిరుగుతుంది. చుట్టు చివర్లో రెమ్ అనే దశ వస్తుంది. మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదులుతుంటాయి, మెదడు దాదాపు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉంటుంది, ఒళ్లు మాత్రం కదలదు. 1953లో షికాగో యూనివర్సిటీలో ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు ఈ దశని లోకానికి చెప్పారు. కళ్లకు కట్టినట్టుండే కలలు చాలావరకు ఇందులోవే. మొదటి చుట్టులో ఇది కొద్ది నిమిషాలే ఉంటుంది. తెల్లవారుజాముకి వచ్చేసరికి అరగంట దాకా సాగుతుంది.

గంజాయిలో మత్తు తెచ్చేది టీహెచ్‌సీ. అది రెమ్ నిద్రని అణిచిపెడుతుంది. 1975లో అమెరికాలో ఫైన్‌బర్గ్ బృందం కొందరికి రోజుకి 70 నుంచి 210 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఇచ్చి నిద్రని రికార్డు చేసింది. రెమ్ నిద్ర తగ్గింది, అందులో కనుగుడ్ల కదలికలూ తగ్గాయి. టీహెచ్‌సీ ఆపగానే అవి మామూలు స్థాయిని దాటి పైకి లేచాయి. దీన్ని మేము రెమ్ రీబౌండ్ అంటాం. మీకు జరుగుతున్నది అదే.

ఇన్నేళ్లూ మీకు కలలు రాలేదని కాదు. తక్కువగా వచ్చాయి, వచ్చినవి గుర్తు లేవు. కల గుర్తుండాలంటే దాని మధ్యలోనో చివర్లోనో కాస్త మెలకువ రావాలి, ఆ కాసేపట్లో మెదడు దాన్ని జ్ఞాపకంగా రాసుకోవాలి. కొత్త జ్ఞాపకం ఏర్పడే ఆ పనినే టీహెచ్‌సీ చెడగొడుతుంది. ఇప్పుడు రెమ్ పెరిగింది, నిద్ర మధ్యలో మెలకువలూ పెరిగాయి, జ్ఞాపకం మీదున్న మత్తు దిగిపోయింది. మూడూ ఒకేసారి జరిగితే రాత్రికి నాలుగైదు కలలు గుర్తుండటంలో వింతేం లేదు.

ఇది ఎన్నాళ్లు? గంజాయి మానినప్పుడు వచ్చే ఇబ్బందులు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో మొదలై, మొదటి వారంలోనే ముదిరి, రెండు వారాలకి చాలావరకు సద్దుమణుగుతాయి. చిరాకు, ఆకలి లేకపోవడం, చెమటలు ముందు పోతాయి. వెనక మిగిలేవి నిద్ర, కలలే. అవి ఆరేడు వారాల దాకా లాగొచ్చు. టీహెచ్‌సీ కొవ్వులో నిల్వ ఉండి మెల్లమెల్లగా బయటికి పోతుంది కాబట్టి రోజూ తాగినవాళ్లకి ఇది ఇంకాస్త నెమ్మది. మానసిక వైద్యులు రోగనిర్ధారణకి వాడే డీఎస్ఎమ్ పుస్తకం 2013లో వచ్చిన అయిదో కూర్పులో గంజాయి మానినప్పటి ఇబ్బందుల్ని ఒక జబ్బుగా చేర్చింది. ఆ లక్షణాల్లో కలవరపెట్టే కలలు అని స్పష్టంగా ఉంది. అంటే మీరు పడుతున్నది మీ ఒక్కరి పిరికితనం కాదు, వైద్యం గుర్తించిన బాధ.

కలలో తాగడం గురించి కూడా చెప్పాలి. సిగరెట్ మానినవాళ్లు, మద్యం మానినవాళ్లు చాలామంది ఈ కల గురించి చెబుతారు. నా ముందు కూర్చుని ఇదే కల చెప్పి సిగ్గుతో తలదించుకున్నవాళ్లని చూశాను. కలలో తాగి, లేచి బాధపడ్డారంటే మానాలన్న మీ పట్టుదల గట్టిగా ఉన్నట్టే. దాన్ని ఓటమి లెక్కలో వేసుకోకండి.

ఇక ఆ ఒక్క దమ్ము. మీరన్నది నిజమే, ఆ రాత్రికి కలలు తగ్గొచ్చు. కానీ ఇప్పటిదాకా మీరు ఓర్చుకున్నదంతా మళ్లీ మొదటికి వస్తుంది. గంజాయి బదులు మద్యం జోలికీ వెళ్లకండి. మద్యం రాత్రి తొలి సగంలో రెమ్‌ని అణిచి, రెండో సగంలో ఎగదోస్తుంది. పీడకలలు తెల్లవారుజామున ఇంకా ఎక్కువవుతాయి. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే టైముకి లేవండి. పీడకల వచ్చి లేస్తే పక్క మీద అలాగే పొర్లకుండా లైటు వేసి, లేచి కూర్చుని, ఒళ్లు చల్లబడ్డాక పడుకోండి. ఇంట్లో నమ్మకమైన ఒక్కరికైనా సంగతి చెప్పండి. పగటిపూట మెలకువలో ఎవరూ లేకుండానే మాటలు వినిపించినా, అందరూ మీ మీద కుట్ర పన్నుతున్నారనిపించినా, చనిపోవాలనిపించినా మాత్రం ఈ పత్రికలో జవాబు కోసం చూడకండి. ఆ రోజే మానసిక వైద్యుణ్ణి కలవండి.

మేడమ్, గంజాయి తాగితే లూసిడ్ డ్రీమ్స్ వస్తాయని ఒక ఫ్రెండ్ అంటాడు. ఇంకొకడేమో కొన్నాళ్లు తాగి, ఆపేస్తే వస్తాయంటాడు. ఎవరిది కరెక్ట్?

మొదటివాడు చెప్పింది తలకిందులు. లూసిడ్ డ్రీమ్ అంటే కలలో ఉన్నానని కలలోనే తెలియడం. దానికి రెమ్ నిద్ర కావాలి, జ్ఞాపకం పనిచేయాలి. గంజాయి రెండింటినీ దెబ్బతీస్తుంది. రెండోవాడి మాటలో నిజం ఉంది కాబట్టే అది నన్ను ఎక్కువ భయపెడుతోంది. ఆపినప్పుడు కలలు పోటెత్తుతాయి, అందులో కొన్నిటిలో మెలకువ వచ్చే వీలుంది. కానీ పైన ఉత్తరం రాసిన అబ్బాయిని అడగండి, ఆ కలల్లో ఏడుస్తూ లేవడం ఎలా ఉంటుందో. తాగకుండా నేర్చుకునే పద్ధతులు ఉన్నాయి. కింది జవాబు చదవండి.

డాక్టర్ గారూ, నేను ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్. కల అని తెలిసి కలలో ఎగరొచ్చు, ఎవరినైనా కలవొచ్చు అంటున్నారు. ఇది సైన్సేనా లేక కట్టుకథా? నేర్చుకుందామని రోజూ తెల్లవారుజామున అలారం పెట్టుకుంటున్నాను. ఇప్పటిదాకా రాలేదు కానీ క్లాసులో నిద్ర ముంచుకొస్తోంది.

సైన్సే బాబూ. దీన్ని రుజువు చేసిన తీరు నాకెంతో ఇష్టమైన కథ.

కల కంటున్నవాడు బయటికి కబురు పంపడం ఎలా? నోరు పెగలదు, చెయ్యి కదలదు. రెమ్ నిద్రలో మెదడు కాండం కండరాలకి వెళ్లే ఆజ్ఞల్ని ఆపేస్తుంది. ఆగనివి రెండు, ఊపిరి, కనుగుడ్లు. ఇంగ్లండులో హల్ యూనివర్సిటీలో కీత్ హెర్న్ దీన్ని పట్టుకున్నాడు. అలన్ వర్స్‌లీ అనే ఆయనకి కలలో మెలకువ తరచూ వచ్చేది. కలలో తెలివి వచ్చిన వెంటనే కళ్లని ఎడమకీ కుడికీ ఎనిమిది సార్లు తిప్పమని ఆయనతో ముందే ఒప్పందం చేసుకున్నాడు. 1975 ఏప్రిల్‌లో ఒక పొద్దున, రెమ్ నిద్ర నడుస్తుండగా, యంత్రం కాగితం మీద ఆ ఎడమ కుడి గీతలు పడ్డాయి. నిద్రలోంచి ఒక మనిషి తెలిసి పంపిన మొదటి సంకేతం అది. కొన్నేళ్లకి స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబెర్జ్ విడిగా అదే చేసి చూపించాడు.

మా ల్యాబులో రాత్రంతా రికార్డయిన నిద్రని పొద్దున్నే స్క్రీన్ మీద ముప్పయి సెకన్ల ముక్కలుగా చదవడం నా పని. మామూలు రెమ్‌లో కంటి గీతలు ఇష్టం వచ్చినట్టు, గుంపులు గుంపులుగా ఎగిరిపడతాయి. లూసిడ్ డ్రీమర్ పంపిన సంకేతం అలా ఉండదు. పక్కనే గడ్డం కండరం గీత చప్పగా పడి ఉంటుంది, అంటే ఒళ్లు పూర్తిగా నిద్రలో ఉంది. పైన రెండు కళ్ల గీతలు ఎదురెదురుగా, సమానమైన ఎత్తులో, లెక్కగా లేచి పడతాయి. ఆ లెక్క చూస్తే లోపల ఎవరో ఉన్నారని అర్థమవుతుంది.

2021లో ఇంకో అడుగు పడింది. అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్‌లో నాలుగు ల్యాబులు కలిసి 36 మంది మీద పనిచేశాయి. కలలో ఉన్నవాళ్లని బయటినుంచి చిన్న ప్రశ్నలడిగారు. ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత అనడిగితే, నిద్రలో ఉన్న ఒక కుర్రాడు కళ్లని రెండు సార్లు తిప్పాడు. అందరూ అన్నిసార్లూ చెప్పలేదు. నూటికి 18 సార్లు సరైన జవాబు వచ్చింది, ఎక్కువసార్లు అసలు జవాబే రాలేదు. అయినా నిద్రలో ఉన్న మనిషితో ప్రశ్న, జవాబు నడిచాయి.

ఇక నేర్చుకోవడం. అన్నిటికంటే ఎక్కువ పరీక్షకు నిలబడినది లబెర్జ్ పద్ధతి. అయిదు గంటలు నిద్రపోయాక లేవాలి. లేచే ముందు ఏ కల వచ్చిందో గుర్తు చేసుకోవాలి. మళ్లీ పడుకుంటూ, ఈసారి కల వస్తే అది కలని గుర్తుపడతాను అని మనసులో అనుకుంటూ, ఆ కలలోనే ఉండి గుర్తుపట్టినట్టు ఊహించుకోవాలి. ఊరికే జపం చేస్తే లాభం లేదు, ఊహలో ఆ చోటు కనపడాలి. ఆస్ట్రేలియాలో 2017లో అచ్చయిన డెన్హమ్ యాస్పీ పరిశోధనలో, దీన్ని వారం పాటు మిగతా పద్ధతులతో కలిపి చేసినవాళ్లలో ప్రయత్నించిన రాత్రుల్లో సుమారు 17 శాతం ఫలించాయి. అనుకోవడం పూర్తయిన అయిదు నిమిషాల్లోపు నిద్రపట్టినవాళ్లకి ఆ సంఖ్య 46 శాతం. అంటే పద్ధతి ఎంత ముఖ్యమో, నిద్ర త్వరగా తిరిగి పట్టడం అంత ముఖ్యం. లేచాక ఫోను పట్టుకుంటే అయిదు నిమిషాల్లో నిద్ర పట్టదని నేను చెప్పక్కర్లేదు.

పగలు చేసే పరీక్షలూ ఉన్నాయి. నేను వాడేది అక్షరాలు. ఏదైనా బోర్డు చదివి, తల తిప్పి, మళ్లీ చదువుతాను. మెలకువలో మారవు. కలలో రెండోసారి అక్షరాలు కరిగి వేరే మాటలవుతాయి. నాకు వచ్చిన మెలకువ కలల్లో ఎక్కువ ఇలాగే దొరికాయి. తెలివి వచ్చిన ఆనందంలో గుండె దడదడలాడి వెంటనే లేచిపోతారు కొత్తవాళ్లు. కలలోనే రెండు చేతులూ రుద్దుకుంటూ ఆ స్పర్శ మీద మనసు పెడితే కల ఇంకాసేపు నిలుస్తుంది.

మీకు మాత్రం ఈ నెల అలారం వద్దు. రోజూ నిద్ర తెంపుకుంటూ క్లాసులో తూలుతున్నారంటే అసలు వదిలి నీడని పట్టుకుంటున్నట్టే. రెమ్ ఎక్కువగా ఉండేది తెల్లవారుజామునే అన్నాను కదా. మీరు అలారంతో చంపుకుంటున్నది ఆ సమయాన్నే. ముందు కొన్ని వారాలు నిండా నిద్రపోండి, పొద్దున లేవగానే గుర్తున్నంత కలని రాయండి. సెలవు రోజు రాత్రి మాత్రమే, మర్నాడు ఆలస్యంగా లేచే వీలుంటేనే పద్ధతి చేయండి. ఇంటర్నెట్‌లో దొరికే గాలంటమీన్ మాత్రల గురించి కూడా ఒక మాట. అది అల్జీమర్స్ మందు. 2018లో 121 మంది మీద చేసిన పరీక్షలో 8 మిల్లీగ్రాములు వేసుకున్నప్పుడు 42 శాతం మందికి మెలకువ కల వచ్చింది, మందేమీ లేని ఉత్త మాత్రతో 14 శాతానికి. పనిచేస్తుంది కదా అని కొనుక్కోకండి. గుండె వేగం తగ్గిస్తుంది, వాంతులు, కడుపులో తిప్పడం తెస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లకి ప్రమాదం.

కలలో మెలకువ వచ్చాక బయటికి రాలేకపోతే? కలలోనే ఇరుక్కుపోతారని విన్నాను. మా తమ్ముడికి ఒకసారి సైకోసిస్ వచ్చి తగ్గింది, వాడు కూడా ట్రై చేస్తానంటున్నాడు.

ఇరుక్కుపోవడం ఉండదు. రెమ్ దశ తనంతట తానే ముగుస్తుంది. లేచాననుకుని ఇంకో కలలో లేచే అనుభవం చాలామందికి వస్తుంది, అదీ ముగిసేదే. మీ తమ్ముణ్ణి మాత్రం చేయనివ్వకండి. ఏది నిజం, ఏది కల అనే గీత ఒకసారి చెదిరిన మనసుకి ఆ గీతతో ఆడుకోవడం మంచిది కాదు. గంజాయి అయితే అతనికి అసలే పనికిరాదు. అది సైకోసిస్‌ని తిరగబెట్టగలదు.

అమ్మా, నా వయసు ముప్పై దాటింది. నైట్ షిఫ్టులు చేస్తాను. తెల్లారబోతుండగా మెలకువ వచ్చింది, కళ్లు తెరిచే ఉన్నాయి, వేలు కూడా కదల్లేదు. గదిలో ఎవరో నిలబడి ఉన్నారు. గుండె మీద బరువు. అరుద్దామంటే గొంతు రాలేదు. తర్వాత ఒళ్లంతా జిల్లుమని, తేలిపోయి పైకప్పు దాకా వెళ్లాను. కిందికి చూస్తే మంచం మీద నేనే పడుకుని ఉన్నాను. నా ఆత్మ బయటికి వెళ్లిందా? మళ్లీ వెళితే తిరిగి రాదేమోనని పడుకోవాలంటే వణుకు.

మీకు జరిగింది రెండు ముక్కలుగా చెబుతాను.

మొదటి ముక్క స్లీప్ పెరాలిసిస్. కలలో ఒళ్లు కదలకుండా మెదడు కాండం ఆపేస్తుందన్నాను కదా, దాన్ని ఒక తాళం అనుకోండి. మెదడు లేచాక కూడా ఆ తాళం కొన్ని క్షణాలు పడే ఉంది. కలలోని దృశ్యాలు కూడా పూర్తిగా వదల్లేదు. కళ్లు తెరిచిన గదిలోకే కల వచ్చి నిలబడింది. రెమ్‌లో ఛాతీ కండరాలు సడలి, ఊపిరి ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ కండరం మీదే ఆధారపడుతుంది. గట్టిగా గాలి పీల్చబోతే సాగదు, దాన్ని గుండె మీద బరువుగా తెలుసుకుంటాం. భయాన్ని చూసుకునే మెదడు భాగం ఆ దశలో మహా చురుగ్గా ఉంటుంది, అందుకే ఆ నిలబడ్డవాడు ఎప్పుడూ మంచివాడిలా ఉండడు. 2011లో 35 పరిశోధనల్ని కలిపి చూస్తే, మామూలు జనంలో 7.6 శాతం మందికి, విద్యార్థుల్లో 28 శాతం మందికి జీవితంలో ఒకసారైనా ఇది వచ్చింది. నిద్ర చాలనివాళ్లకి, షిఫ్టులు మారేవాళ్లకి ఎక్కువ. మీది సరిగ్గా ఆ పరిస్థితే.

రెండో ముక్క, పైకి తేలడం. నేనిక్కడ ఉన్నాను అన్న ఎరుక ఊరికే రాదు. కళ్లు, చెవి లోపలి బ్యాలెన్స్ భాగం, కీళ్లు, చర్మం పంపే సమాచారాన్ని చెవి పైభాగంలో, కణతకి వెనగ్గా ఉండే మెదడు భాగం కలిపి కడుతుంది. 2002లో స్విట్జర్లండ్‌లో ఓలాఫ్ బ్లాంకె బృందం మూర్ఛకి ఆపరేషన్ చేయాల్సిన ఒక స్త్రీకి మెదడు కుడివైపు అక్కడే చిన్న కరెంటు ఇచ్చింది. తక్కువ ఇస్తే మంచంలోకి కూరుకుపోతున్నట్టు అనిపించింది. పెంచితే తాను మంచం మీద ఉండటం పైనుంచి కనిపిస్తోందని చెప్పింది. అయితే కాళ్లు, ఒంటి కింది భాగం మాత్రమే కనిపించాయట. కరెంటు ఆపితే మామూలే. నిద్రకీ మెలకువకీ మధ్య ఒంటి కబుర్లు ఆగిపోయి, మెదడు మాత్రం మేలుకుని ఉన్నప్పుడు ఆ కలిపి కట్టే పని తప్పుదారి పట్టడం సులువు.

మీరు చూసింది అబద్ధమని నేననడం లేదు. అది మీకు నిజంగా జరిగిన అనుభవం. అందులో చూసినవి బయట నిజంగా ఉన్నవేనా అన్నది వేరే ప్రశ్న. సుసాన్ బ్లాక్‌మోర్ అనే సైకాలజిస్టు 1970లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో, నిద్ర లేక అలసిపోయి, కాస్త గంజాయి కూడా తాగి ఉన్న రాత్రి ఒంట్లోంచి బయటికి వచ్చి ఇళ్ల కప్పుల మీదుగా ఎగిరింది. ఎంత గట్టి అనుభవమంటే దాన్ని రుజువు చేయడానికే ఏళ్ల తరబడి జీవితం ధారపోసింది. కానీ ఆ కప్పుల్ని తర్వాత వెళ్లి చూసుకుంటే, తాను చూసిన పొగగొట్టాలు అక్కడ లేవు. గుండె ఆగి బతికినవాళ్ల మీద శామ్ పర్నియా బృందం చేసిన పెద్ద పరిశోధన 2014లో అచ్చయింది. పైకప్పు దగ్గర తేలేవాళ్లకే కనిపించేలా ఆస్పత్రి గదుల్లో ఎత్తున అరలు కట్టి బొమ్మలు పెట్టారు. ఆ బొమ్మని చూశామని చెప్పినవాళ్లు ఒక్కరూ దొరకలేదు. ఒకరు తనకి చేసిన వైద్యం గురించి సరిపోలే వివరాలు చెప్పారు గానీ, ఆయన ఉన్న గదిలో అర లేదు. ఆత్మ మీద మీ నమ్మకం మీది, దాని జోలికి నేను రాను. ఈ అనుభవం దాకా అయితే తిరిగి రాకపోవడమన్న భయం వద్దు. అందరూ తిరిగి లేచారు.

మళ్లీ వస్తే పెనుగులాడకండి. లేవాలని ఒళ్లంతా గుంజుకుంటే భయం పెరుగుతుంది. ఊపిరిని మెల్లగా వదలండి, ఒకే ఒక్క కాలి వేలు మీద మనసు పెట్టి దాన్ని కదిపే ప్రయత్నం చేయండి, లేదా కళ్లని గట్టిగా తిప్పండి. వెల్లకిలా పడుకుంటే ఇది ఎక్కువ వస్తుంది, పక్కకి తిరిగి పడుకోండి. షిఫ్టు వారం వారం మార్చకుండా ఉంచమని పైవాళ్లని అడగండి. పగలు ఆపుకోలేని నిద్ర పడుతున్నా, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు సడలిపోతున్నా మాత్రం నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు కావచ్చు, పరీక్ష చేయించుకోవాలి.

మా నాన్నగారికి అరవై అయిదు. నిద్రలో తిడతారు, గోడని గుద్దుతారు. ఒకసారి అమ్మకి దెబ్బ తగిలింది. లేపితే ఎవరో తరుముతున్నట్టు కల వచ్చిందంటారు. ఇది కూడా లూసిడ్ డ్రీమేనా?

కాదు, పై ఉత్తరానికి సరిగ్గా తిరగేసిన సంగతి ఇది. అక్కడ లేచాక కూడా తాళం పడి ఉంది, ఇక్కడ కలలో పడాల్సిన తాళం పడటం లేదు. ఫ్రాన్స్‌లో మిషెల్ జువే పిల్లుల మెదడు కాండంలో ఆ తాళం వేసే భాగాన్ని తొలగిస్తే అవి నిద్రలోనే లేచి వేటాడినట్టు ప్రవర్తించాయి. మనుషుల్లో దీన్ని 1986లో షెంక్, మహోవాల్డ్ అనే డాక్టర్లు వివరించారు. కొన్ని డిప్రెషన్ మందుల వల్ల కూడా రావచ్చు కాబట్టి ఆయన వాడే మాత్రల జాబితా పట్టుకెళ్లండి. పెద్దవయసులో ఇది పార్కిన్సన్స్‌కి ఏళ్ల ముందు కనిపించే గుర్తు కావచ్చు, అందుకని న్యూరాలజిస్టుకి చూపించడం వాయిదా వేయకండి. అప్పటిదాకా అమ్మగారు వేరే మంచం మీద పడుకోవాలి. ఆయన మంచం పక్కన గాజు వస్తువులు, పదునైన అంచుల బల్లలు ఉంచకండి.

డాక్టర్ గారూ, మా వారు పెద్ద యాక్సిడెంట్ నుంచి బయటపడ్డారు. ఏడాది దాటినా అదే కల. లారీ లైట్లు ఎదురొస్తాయి, బ్రేకు తొక్కుతారు, పడదు. లేచి తడిసిపోయి కూర్చుంటారు. గంజాయి నూనె వేసుకుంటే కలలే రావని తెలిసినాయన తెచ్చిచ్చారు. ఇవ్వనా?

అమ్మా, ఇవ్వకండి. ఎందుకో పూర్తిగా చెబుతాను, ఎందుకంటే ఆ సలహా ఇచ్చినాయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు.

టీహెచ్‌సీని పోలిన నాబిలోన్ అనే మందుని కెనడాలో ఇలాంటి పీడకలలకి వాడి చూశారు. 2009లో 47 మందికి ఇస్తే 34 మందికి కలలు ఆగాయి, లేదా బాగా తగ్గాయి. తర్వాత పదిమంది సైనికుల మీద ఇంకా కట్టుదిట్టంగా చేసిన పరీక్షలోనూ మేలు కనిపించింది. కానీ అది లెక్కగా తూచిన మందు, డాక్టరు కంటి ముందు ఇచ్చినది. మీ చేతికొచ్చిన సీసాలో ఎంత టీహెచ్‌సీ ఉందో ఎవరికీ తెలియదు. అది వాడినన్నాళ్లూ కల అణిగి ఉంటుంది, ఆపిన రోజు రెట్టింపై లేస్తుంది. అణిగిన కల మానినట్టు కాదు.

దీనికి ఇంతకంటే మంచి వైద్యం ఉంది, పైసా మందు లేనిది. పగటిపూట, మెలకువలో, పీడకలని తిరగరాయడం. బ్యారీ క్రాకో బృందం లైంగిక హింసకి గురైన 168 మంది మహిళల మీద చేసిన పరీక్ష 2001లో వచ్చింది. మూడు సార్లు కూర్చోబెట్టి ఈ పద్ధతి నేర్పితే పీడకలలు తగ్గాయి, నిద్ర మెరుగైంది, ఆరు నెలల తర్వాత కూడా ఆ మేలు నిలిచింది. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2018లో పీడకలలకి సిఫారసు చేసినది దీన్నే.

చేసే తీరు ఇది. పగలు, కడుపు నిండి, మనసు కుదుటగా ఉన్నప్పుడు ఆయన ఆ కలని ఒక కాగితం మీద రాయాలి. మొదట్లో యాక్సిడెంట్ కల మరీ భరించలేనట్టుంటే ఇంకో చిన్న పీడకలతో మొదలుపెట్టాలి. రాశాక దాన్ని ఎక్కడో ఒకచోట మార్చాలి. ఏ మార్పు అన్నది ఆయన ఇష్టం, మీరు చెప్పకూడదు. నా దగ్గరికి వచ్చిన ఒకాయనది ఇలాంటి కలే. బ్రేకు పడినట్టు రాస్తారేమో అనుకున్నాను. ఆయన రాసింది వేరు. ఎదురొచ్చే లైట్లు మెల్లగా పసుపు రంగులోకి మారి, ఇంటి ముందు వెలిగే దీపమైపోయాయి, ఆయన బండి దిగి తాళం తీశాడు. అంతే. ఆ కొత్త కలని రోజూ పదీ ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని, మొదటి నుంచి చివరిదాకా చూసుకోవాలి. పాత కలని మళ్లీ మళ్లీ తలచుకోనక్కర్లేదు, కొత్తదే తలచుకోవాలి. కొన్ని వారాలు పడుతుంది. ఒక్కోసారి పీడకల పూర్తిగా పోదు, మారుతుంది, దూరమవుతుంది.

ఈ పద్ధతి తెలిసిన సైకాలజిస్టు దగ్గర మొదలుపెట్టడం మేలు. ఎందుకంటే ఆయనకి కలలతో పాటు పగలు కూడా ఉలిక్కిపడటం, బండి ఎక్కలేకపోవడం లాంటివి ఉంటే వాటికి వేరే వైద్యం కలపాలి. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్నాయేమో కూడా చూడమనండి. ఉంటే వైద్యం చేశాక పీడకలలు తగ్గినవాళ్లున్నారు. ఆయన లేచి కూర్చున్నప్పుడు భుజం పట్టుకుని కుదపకండి. పేరు పెట్టి పిలిచి, ఇంట్లో ఉన్నారని, పక్కన మీరున్నారని చెప్పండి. ఆ సీసాని పారబోసేయండి. ఇచ్చినాయనకి ఈ పేజీ చూపించండి.